ఇవ్వడానికి ముందు

నేను కార్ల పందేలు చూస్తానంటే నా స్నేహితురాళ్లు నవ్వుతారు. ఒకామె నవ్వలేదు, కోప్పడింది. "పెట్రోలు తగలేసుకుంటూ మగవాళ్లు గుండ్రంగా తిరుగుతుంటే నువ్వు ఆదివారాలు పాడుచేసుకోవడమేమిటి?" అంది. ఆమె కోపంలో న్యాయముంది. 1950లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైన దగ్గర్నించి ఇప్పటిదాకా అందులో పాయింటు తెచ్చుకున్న స్త్రీ ఒక్కతే. ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి. అదీ ఒక పాయింటు కాదు, అర పాయింటు. 1975లో బార్సిలోనాలో ఒక కారు జనంలోకి దూసుకుపోయి ప్రేక్షకులు చనిపోతే పందెం మధ్యలోనే ఆపేశారు. ఆరో స్థానంలో ఉన్న ఆమెకి రావలసిన ఒక్క పాయింటులో సగమే ఇచ్చారు. యాభై ఏళ్లు దాటినా ఆ అర పాయింటు పక్కన ఇంకో స్త్రీ పేరు చేరలేదు. అలాంటి ఆటని నేనెందుకు చూస్తున్నాను?

నిజం చెప్పాలంటే మొదట మా మేనల్లుడి కోసం చూశాను. వాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి మా ఇంట్లో ఉంటున్నాడు. నేను రిటైరయ్యాను. మా అమ్మాయి పూనాలో ఉంటుంది. ఆదివారం సాయంత్రాలు వాడు టీవీకి ఫోను కలిపి కూచుంటే, ఒంటరిగా వంటింట్లో ఉండలేక నేనూ వచ్చి కూచునేదాన్ని. ఎకనామిక్స్ పాఠాలు చెప్పిన బుర్ర కాబట్టి ముందు నాకు నచ్చింది పాయింట్ల పట్టిక. ఆ తరవాత నచ్చింది, లేదా నన్ను కలవరపెట్టింది, ఆ ఆటలో ఉన్న ఒక విచిత్రమైన బంధుత్వం.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఫార్ములా వన్‌లో ఒక్కో జట్టుకి రెండు కార్లుంటాయి, ఇద్దరు డ్రైవర్లుంటారు. పట్టికలు కూడా రెండు. ఒకటి జట్లది, ఒకటి డ్రైవర్లది. జట్టు పట్టికలో ఇద్దరి పాయింట్లూ కలుస్తాయి. డ్రైవర్ల పట్టికలో ఎవరివి వాళ్లవే. అంటే పక్క కారులో ఉన్నవాడు మనవాడే, మన ఇంటివాడే. కాని అందరికంటే ముందు మనం ఓడించవలసినవాడు కూడా వాడే. ఎందుకంటే ఒకే రకం కారులో ఉన్నది వాడొక్కడే. మిగిలినవాళ్ల చేతిలో ఓడిపోతే కారు బాగాలేదని చెప్పుకోవచ్చు. వీడి చేతిలో ఓడిపోతే చెప్పుకోవడానికేమీ ఉండదు. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు పెరిగినట్టే ఉంటుందిది. కంచం ఒకే బీరువాలోది, పోలిక మాత్రం రోజూ.

ఈ బంధుత్వంలోంచి పుట్టిన ఒక ప్రశ్న 2025లో మార్చి నుంచి డిసెంబరు దాకా, 24 పందేల పొడవునా నన్ను వెంటాడింది. ఇవ్వడం ఎప్పుడు మంచితనమవుతుంది? ఇవ్వకపోవడం ఎప్పుడు తప్పవుతుంది?

ఆ ఏడాది మెక్‌లారెన్ జట్టు కారు అందరికంటే బాగుంది. అందులో ఇద్దరు కుర్రాళ్లు. ఇంగ్లండుకి చెందిన లాండో నోరిస్, ఆస్ట్రేలియాకి చెందిన ఆస్కార్ పియాస్ట్రి. మావాడు నోరిస్ పక్షం. నేను పియాస్ట్రి పక్షం. ఎక్కువ మాట్లాడడు, మొహంలో ఏమీ కనపడనివ్వడు. అలాంటి పిల్లల్ని క్లాసులో చాలామందిని చూశాను, ఇష్టపడ్డాను. ఏప్రిల్ నించీ పట్టికలో పియాస్ట్రిదే పైచేయి. ఆగస్టు చివర నెదర్లాండ్స్‌లో నోరిస్ కారు చెడిపోయాక తేడా 34 పాయింట్లయింది.

సెప్టెంబరు 7న ఇటలీలోని మోంజాలో పందెం. మాక్స్ వెర్‌స్టాపెన్ అందరికీ అందకుండా ముందుకి వెళ్లిపోయాడు. రెండో స్థానంలో నోరిస్, మూడో స్థానంలో పియాస్ట్రి. టైర్లు మార్చుకోవడానికి మామూలుగా ముందున్నవాణ్ణే ముందు పిలుస్తారు. ఎందుకంటే ముందు కొత్త టైర్లు వేసుకున్నవాడు వేగంగా తిరిగి, ఆగనివాణ్ణి దాటేయగలడు. ఆరోజు వెనక ఇంకో జట్టు కారు నుంచి ప్రమాదముందని పియాస్ట్రిని ముందు పిలిచారు. దానివల్ల నీ స్థానం పోదని నోరిస్‌కి మాటిచ్చారు. మరుసటి ల్యాపులో నోరిస్ వచ్చాడు. ఒక చక్రం సరిగా బిగుసుకోలేదు. రెండు రెండున్నర సెకన్లలో అయిపోవలసిన పని దాదాపు ఆరు సెకన్లు పట్టింది. అతను బయటికి వచ్చేసరికి పియాస్ట్రి ముందున్నాడు.

అప్పుడు రేడియోలో పియాస్ట్రికి చెప్పారు, స్థానం వెనక్కి ఇచ్చెయ్యమని. చక్రం బిగించడంలో ఆలస్యమైతే అది ఆటలో భాగమేనని ముందే అనుకున్నాం కదా, ఇప్పుడేం మారింది అని అడిగాడతను. కాని మీరు ఇమ్మంటే ఇస్తానన్నాడు. ఇచ్చాడు. రెండో స్థానానికి 18 పాయింట్లు, మూడో స్థానానికి 15. అంటే మూడు పాయింట్లు తన చేత్తో తీసి పక్కవాడికిచ్చాడు.

"కరెక్టే కదత్తా. మాటిచ్చారు. ఆ మాట మీదే వీడు ముందు టైర్లు మార్చుకున్నాడు" అన్నాడు మావాడు.

"మాటిచ్చింది జట్టు. చక్రం సరిగా బిగించనిది జట్టు. ఇచ్చింది మాత్రం వాడు" అన్నాను.

"అందుకేగా వాణ్ణి గొప్పవాడంటున్నారు?"

"గొప్పవాడనడం చవకే" అన్నాను. ఎందుకంత కటువుగా అన్నానో అప్పుడు నాకే తెలియలేదు. నెల తిరక్కుండా తెలిసింది.

దసరాకి తెనాలి దగ్గర మా ఊరు వెళ్లాను. 2024లో నాన్న పోయాక అందరం కలవడం అదే. నాన్న వీలునామా ఏమీ రాయలేదు. రెండెకరాల మాగాణి, పాత పెంకుటిల్లు ఉన్నాయి. మేం ముగ్గురం. పెద్దక్క, నేను, తమ్ముడు. భోజనాలయ్యాక తమ్ముడు ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. "చిన్నక్కా, ఇది ఊరికే ఫార్మాలిటీ. పెద్దక్క సంతకం పెట్టేసింది" అన్నాడు. హక్కు విడుదల పత్రం. 'స్వచ్ఛందంగా, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి స్పృహతో' నాకున్న మూడో వంతు హక్కుని నా తమ్ముడికి వదులుకుంటున్నానని అందులో ఉంది.

నేను దాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. అరవై రెండేళ్ల వయసులో, ఆ పొలానికి నేను హక్కుదారునని రాసిన మొదటి కాగితం అదే. పాసుపుస్తకంలో లేను. పన్ను రసీదులో లేను. ఇంటి గోడ మీద చెక్కిన పేరులో లేను. నా హక్కు మొట్టమొదట కనిపించింది దాన్ని నేను వదులుకునే వాక్యంలో!

సంతకం పెట్టలేదు. "చదువుకుని చెబుతాను" అని మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా ఇంట్లో చాలా పెద్ద మాట. సాయంత్రం మరదలు కాఫీ ఇస్తూ, "పెద్దొదినగారు మాత్రం కళ్లు మూసుకుని పెట్టేశారండీ" అంది. ఆమె తప్పేమీ లేదు. ఇచ్చినవాళ్లని పొగడటమంటే ఇవ్వనివాళ్లతో మాట్లాడటమే.

బస్సులో వెనక్కి వస్తుంటే మోంజా గుర్తొచ్చింది. 2025 మోంజా కాదు, 1956 మోంజా. మావాడి పుణ్యమా అని పాత కథలు కూడా చదువుతుంటాను. ఆ కథ ఈ ఆట చూసేవాళ్లందరికీ తెలుసు.

1956 సెప్టెంబరు 2. ఫెరారీ జట్టులో పెద్ద డ్రైవరు హ్వాన్ మాన్యుయెల్ ఫాంజియో. అర్జెంటీనా మనిషి, నలభై అయిదేళ్లు, అప్పటికే మూడుసార్లు ఛాంపియను. ఆ రోజుల్లో ఒక డ్రైవరు కారు చెడిపోతే జట్టులో ఇంకొకరి కారు తీసుకోవచ్చు, వచ్చిన పాయింట్లు ఇద్దరూ పంచుకోవచ్చు. చివరి పందెంలో ఫాంజియో కారు స్టీరింగు దెబ్బతింది. టైర్ల కోసం లోపలికి వచ్చిన లుయీజీ ముస్సోని కారు దిగమన్నారు. ఇటలీవాడు, సొంత దేశం, సొంత జనం. దిగలేదు. వెళ్లిపోయాడు. తరవాత పీటర్ కాలిన్స్ వచ్చాడు. ఇంగ్లండు కుర్రాడు, ఇరవై నాలుగేళ్లు. అతనికి కూడా ఛాంపియనయ్యే అవకాశం సన్నగా మిగిలే ఉంది. పందెం గెలిచి, అతి వేగవంతమైన ల్యాపు కూడా తనదే అయితే ఫాంజియోని దాటేవాడు. అయినా దిగి కారు ఇచ్చేశాడు. ఫాంజియో రెండో స్థానంలో ముగించి నాలుగోసారి ఛాంపియనయ్యాడు. నేనింకా చిన్నవాణ్ణి, నాకు బోలెడు టైముంది అన్న అర్థంలో కాలిన్స్ చెప్పుకున్నాడు.

టైము లేదు. 1958 జులైలో ముస్సో ఫ్రాన్సులో, నాలుగు వారాల తరవాత ఆగస్టులో కాలిన్స్ జర్మనీలో, ఇద్దరూ పందేల్లోనే పోయారు. కాలిన్స్ ఎప్పుడూ ఛాంపియను కాలేదు.

కాలిన్స్‌ని ఇవాళ్టికీ మహానుభావుడంటారు. ముస్సో పేరు 'దిగనివాడు'గా మిగిలింది. కాని పట్టిక తిరగేస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. అదే సంవత్సరం మొదటి పందెంలో, అర్జెంటీనాలో, ఫాంజియో కారు చెడిపోతే దిగి తన కారిచ్చింది ఎవరనుకున్నారు? ముస్సోనే. ఫాంజియో ఆ కారుతో గెలిచాడు. ముస్సో తన జీవితంలో గెలిచిన ఛాంపియన్‌షిప్ పందెం అదొక్కటే, అదీ సగం. ఒకసారి ఇచ్చినవాడు రెండోసారి ఇవ్వలేదు. చరిత్ర రెండోదే గుర్తుపెట్టుకుంది.

ఇంకొక విచిత్రం ఉంది. ఆ రోజుల్లో ఏడాది మొత్తంలో ఒక డ్రైవరుకి బాగా వచ్చిన అయిదు ఫలితాలే లెక్కలోకి తీసుకునేవాళ్లు. ఫాంజియో మొత్తం 33 పాయింట్లు తెచ్చుకుంటే లెక్కలోకి వచ్చినవి 30. కొట్టేసిన ఆ మూడూ ఏమిటంటే, మోంజాలో కాలిన్స్ కారు తెచ్చిపెట్టినవే. అంటే ఆ కారు ఫాంజియోకి పాయింట్ల లెక్కలో ఏమీ కలపలేదు. కలిపిందల్లా కాలిన్స్‌ని పోటీలోంచి తీసేయడమే. ఇచ్చినవాడికి పోయింది పూర్తిగా పోయింది. పుచ్చుకున్నవాడికి కలిసింది కాగితం మీద కొట్టివేత. మన ఇళ్లల్లో ఆడవాళ్లు వదులుకున్న చదువులకీ ఉద్యోగాలకీ ఇంతకంటే బాగా సరిపోయే పోలిక నాకు దొరకలేదు.

1998లో తమ్ముడి ఎరువుల కొట్టు మునిగిపోయినప్పుడు నా పన్నెండు కాసుల బంగారం తీసి ఇచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు. నేనే ఇచ్చాను, సంతోషంగా ఇచ్చాను. అది మా ఇంటి జ్ఞాపకంలో ఎక్కడా లేదు. దసరా రోజు సంతకం పెట్టకపోవడం మాత్రం నేను పోయాక కూడా ఉంటుంది.

ఇదంతా చెబితే మా మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. వాడు ఎవరి కొడుకో మరిచిపోయి చెప్పానని తరవాత అనిపించింది. వాడు నెమ్మదిగా అన్నాడు. "అత్తా, అందరూ ఎవరి లెక్క వాళ్లు వేసుకుంటే జట్టు జట్టవుతుందా? ఇల్లు ఇల్లవుతుందా? ఎవరో ఒకరు తగ్గకుండా ఏదైనా నిలబడుతుందా?"

ఇది తేలిగ్గా కొట్టేయదగ్గ ప్రశ్న కాదు. స్త్రీవాదులమైనంత మాత్రాన ఇవ్వడమంతా మోసమేనని నేననుకోను. అనారోగ్యంతో ఉన్న మనిషి పక్కన రాత్రంతా కూచోవడం, స్నేహితురాలి కోసం మన పని ఆపుకోవడం, ఇవి లేకపోతే బతుకు బజారే అవుతుంది. మెక్‌లారెన్‌లో కూడా ఇవ్వడం ఒకవైపే జరగలేదు. 2024 జులైలో హంగరీలో ఇదే నోరిస్‌ని ముందు టైర్లకి పిలిచి పియాస్ట్రి కంటే ముందుకి తెచ్చారు. తరవాత ఆ స్థానం వెనక్కిమ్మన్నారు. చాలా ల్యాపులు గింజుకున్నాడు, చివరికి ఇచ్చాడు. పియాస్ట్రి మొట్టమొదటి గ్రాండ్ ప్రీ విజయం అలా వచ్చిందే. మోంజాలో అడిగినప్పుడు ఆ బాకీ కూడా గాల్లో ఉండే ఉంటుంది.

కాబట్టి ప్రశ్న ఇవ్వాలా వద్దా అన్నది కాదు. ఏ ఇవ్వడం నిజంగా ఇవ్వడం అన్నది. ఆలోచించగా ఆలోచించగా నాకు మూడు షరతులు తోచాయి. కాదనే వీలుండాలి. అటువైపు నించి కూడా రావాలి. అన్నిటికంటే ముందు, ఇచ్చేది ఇచ్చేవాళ్లదని అందరూ ఒప్పుకోవాలి.

మొదటిదానికి 2002 ఆస్ట్రియా గుర్తు చేసుకుంటే చాలు. ఫెరారీలో రెండో డ్రైవరు రూబెన్స్ బారికెల్లో ఆరోజు అందరికంటే వేగంగా ఉన్నాడు. గీత ఇంకా కొన్ని అడుగులుందనగా, జట్టు చెప్పినందుకు వేగం తగ్గించి మైకేల్ షూమాకర్‌ని ముందుకి పంపాడు. జనం పెద్దగా అరిచి తిట్టారు. షూమాకర్ సిగ్గుపడి బారికెల్లోని పై మెట్టు ఎక్కించాడు. తరవాత అధికారులు ఫెరారీకి పది లక్షల డాలర్ల జరిమానా వేశారు. ఎందుకో తెలుసా? ఒకణ్ణి తప్పుకోమన్నందుకు కాదు, అది అప్పటికి నేరం కాదు. మెట్ల మీద ఎవరు ఎక్కడ నిలబడాలో ఆ మర్యాద తప్పినందుకు. మా మరదలి కాఫీలో ఉన్నది కూడా ఆ మర్యాదే. ఇమ్మనడంలో తప్పు లేదు, ఇచ్చేటప్పుడు మొహం మాడ్చుకోవడమే తప్పు. కాదంటే ఏమవుతుందో తెలిసి అవుననడాన్ని స్వచ్ఛందమని ఎలా అంటాం? నిజంగా స్వచ్ఛందమైతే ఆ మాట పత్రంలో మూడుసార్లు రాసుకోవలసిన అవసరమేముంది?

రెండోదానికి 2022 బ్రెజిల్. అంతకుముందు ఏడాది డిసెంబరులో అబు ధాబిలో సెర్జియో పెరెజ్ తన పందెం పాడుచేసుకుని లూయిస్ హామిల్టన్‌ని ఆపి ఉంచాడు. దానివల్ల వెర్‌స్టాపెన్‌కి పోయిన సమయం తిరిగొచ్చింది, చివరికి అతను ఛాంపియనయ్యాడు. 2022లో రెండో ఛాంపియన్‌షిప్ కూడా ఖాయమైపోయాక, బ్రెజిల్లో ఆరో స్థానం పెరెజ్‌కి ఇమ్మని అడిగితే వెర్‌స్టాపెన్ ఇవ్వలేదు. అతనికి ఆరో స్థానంతో అవసరమే లేదు. పెరెజ్‌కి మాత్రం పట్టికలో రెండో స్థానం కోసం అది కావాలి. పుచ్చుకోవడం అలవాటైన మనిషికి ఇవ్వడమనేది ఒక పద్ధతని కూడా తోచదు. చెడ్డతనం కాదది. అలవాటు.

ఇక్కడిదాకా రాసి నేను ఆగిపోవలసి వచ్చింది. ఎందుకంటే, ఇప్పటివరకూ ఈ కథలో నన్ను నేను ముస్సోగా చూసుకుంటున్నాను. ఫాంజియో ఎవరో చూడలేదు.

1974లో పెద్దక్క పదో తరగతి పాసైంది. అమ్మకి ఆరోగ్యం బాగాలేదు. నాకు పదకొండేళ్లు, తమ్ముడు ఇంకా చిన్నవాడు. అక్క బడి మానేసి ఇల్లు చూసింది. నాలుగేళ్ల తరవాత, "ఒక్క ఆడపిల్లనే చదివించగలను" అని నాన్న నన్ను గుంటూరు పంపాడు. నేను డిగ్రీ చదివాను, ఎమ్మే చదివాను, ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను. పెన్షన్ వస్తోంది. నాకు కాదనే ధైర్యం ఎక్కడిదనుకున్నారు? ఆ పెన్షన్‌లోంచి వచ్చింది. ఆ పెన్షన్ అక్క మానేసిన చదువులోంచి వచ్చింది. స్త్రీల త్యాగాల మీద వ్యాసాలు రాశాను, సభల్లో మాట్లాడాను. అక్క దగ్గర కూచుని, నీకు చదువుకోవాలనుండేదా అని ఒక్కసారి అడగలేదు.

కాలిన్స్ కారు దిగింది ఒక్క మధ్యాహ్నం. దాదాపు డెబ్భై ఏళ్లుగా ప్రపంచం చెప్పుకుంటోంది. మగవాళ్లు ఇచ్చినప్పుడు అది సంఘటన అవుతుంది. తేదీ ఉంటుంది, సాక్షులుంటారు, పాయింట్ల పట్టిక ఉంటుంది. ఆడవాళ్లు ఇచ్చినప్పుడు అది స్వభావం అవుతుంది. స్వభావానికి తేదీ ఉండదు. మా అక్క ఏ నెలలో, ఏ వారంలో బడి మానేసిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. లెల్లా లొంబార్డి అర పాయింటు అయినా రాసి ఉంది.

హిందూ వారసత్వ చట్టం వచ్చింది కూడా 1956లోనే, కాలిన్స్ కారు దిగిన ఏడాదే. తండ్రి వీలునామా లేకుండా పోతే ఆయన ఆస్తిలో కూతుళ్లకీ వాటా ఉందని అది చెప్పింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కుకి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. మన రాష్ట్రంలో 1986లో సవరించారు, అప్పటికి పెళ్లికాని కూతుళ్ల వరకే. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చి చెప్పింది. అంత పోరాడి తెచ్చుకున్నది ఒక దసరా మధ్యాహ్నం, భోజనాలకీ కాఫీకీ మధ్య, 'ఊరికే ఫార్మాలిటీ'గా వెళ్లిపోతుంది. చట్టం మన చేతిలో హక్కు పెట్టగలదు. చెయ్యి మూసుకోవడం మనం నేర్చుకోవాలి.

మూడో షరతు అక్కడే తట్టింది. పియాస్ట్రి ఇచ్చిన రెండో స్థానం అతనిదని అందరూ చూశారు. తెర మీద అతని పేరు రెండో వరసలో ఉంది. అది కిందికి దిగడం కోట్లమంది చూశారు. అందుకే అది ఇవ్వడం అయింది. నాది అని ఎవరూ ఎప్పుడూ అననిదాన్ని నేను వదులుకుంటే అది ఇవ్వడం కాదు. నా దగ్గర ఏమీ లేదన్న పాత అబద్ధానికి ఇంకో సంతకం, అంతే.

తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. ముందు నా వాటా నా పేరు మీద ఎక్కించు. పాసుపుస్తకంలో నా పేరు చూసుకున్నాక, ఇవ్వాలనిపిస్తే ఇస్తాను, ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇస్తాను. "నన్ను నమ్మవా చిన్నక్కా?" అన్నాడు. "నమ్ముతాను. నువ్వు నన్ను నమ్ము. నా పేరు మీద ఉంటే పారిపోదు" అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు. దీపావళికి మాట్లాడలేదు.

మేనల్లుడు ఇల్లు మారతాడేమోననుకున్నాను. మారలేదు. ఆదివారాలు మామూలుగానే వచ్చి కూచున్నాడు. అక్టోబరు చివర మెక్సికోలో నోరిస్ పట్టికలో పైకొచ్చాడు. నవంబరులో లాస్ వెగాస్‌లో రెండు మెక్‌లారెన్ కార్లనీ అనర్హం చేశారు. వెర్‌స్టాపెన్ వెనకనుంచి తరుముకొచ్చాడు. ఆగస్టు చివర అతను పియాస్ట్రికి 104 పాయింట్లు వెనకున్నాడు. డిసెంబరు 7న అబు ధాబిలో చివరి పందెం. వెర్‌స్టాపెన్ గెలిచాడు, పియాస్ట్రి రెండు, నోరిస్ మూడు. నోరిస్ ఛాంపియను. నోరిస్‌కి 423, వెర్‌స్టాపెన్‌కి 421, పియాస్ట్రికి 410.

మావాడు ఎగరలేదు. కాగితం మీద ఏదో లెక్కేస్తున్నాడు. "అత్తా, మోంజాలో ఆ మూడు పాయింట్లు ఇవ్వకపోయి ఉంటే, మిగతాదంతా ఇలాగే జరిగితే, నోరిస్‌కి 420. వెర్‌స్టాపెన్ ఛాంపియను."

"పియాస్ట్రికి?"

"413. వాడు అప్పుడూ మూడోవాడే."

ఇద్దరం కాసేపు ఆ కాగితం చూశాం. ఇవ్వకపోయినా తనకి దక్కేది కాదు. ఇచ్చినందువల్ల ఇంకొకడికి దక్కింది. ఇది నా వాదనకి బలమో, మావాడి వాదనకి బలమో నాకు ఇప్పటికీ తేలలేదు. వాడు మాత్రం అన్నాడు, "కప్పు మీద వాడి పేరు కూడా చిన్న అక్షరాలతో రాయాలి అత్తా." వాళ్ల నాన్నతో ఏం మాట్లాడాడో నాకు తెలియదు, నేనడగలేదు.

ఆ రాత్రి అక్కకి ఫోను చేశాను. యాభై ఏళ్లు ఆలస్యంగా అడిగాను. "అక్కా, నీకు చదువుకోవాలనుండేదా?"

చాలాసేపు ఏమీ వినపడలేదు. తరవాత అంది, "లెక్కలు బాగా వచ్చేవే నాకు. నీకంటే బాగా."

"నా వాటా నా పేరు మీదికి వచ్చాక అందులో సగం నీకు రాస్తాను" అన్నాను. నా గొంతులో నాకే తెలియని ఔదార్యమేదో ఉండి ఉంటుంది.

అక్క నవ్వింది. "అప్పుడు సంతకం పెట్టమన్నప్పుడూ నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నువ్వూ ఇస్తానంటున్నావు గాని, కావాలా అని అడగలేదు."

"కావాలా?"

"ఆలోచించి చెబుతాను" అంది అక్క. ఇంకా చెప్పలేదు.